ఆకురాయి నుంచి ట్విన్ టర్బో దాకా

 

ఈ సంచికకు నా వృత్తికి సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని సంపాదకులు కోరారు. నేను 1986 పదో తరగతి బ్యాచ్. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి ముప్పై ఏళ్లుగా ఇంజన్ భాగాలను కొలిచే పనిలో ఉన్నాను. అందులో ఎక్కువ కాలం అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో గడిచింది. ఊరికి వచ్చినప్పుడు పెద్దవాళ్లు ఏం చేస్తుంటావని అడుగుతారు. ఒకచోట తయారైన ముక్క ఇంకోచోట తయారైన ముక్కలో సరిగ్గా కూర్చుంటుందో లేదో చూస్తుంటానని చెబుతాను. దానికి ఇంత చదువెందుకని వాళ్ల తరువాతి ప్రశ్న. ఆ ప్రశ్నకు నిలబడి రెండు నిమిషాల్లో చెప్పలేని జవాబు ఈ వ్యాసం.

బజారుకు వెళ్లి ఒక బోల్టు కొంటాం. ఇంట్లో ఉన్న నట్టు దానికి ఎక్కుతుంది. ఆ రెండింటినీ చేసినవాళ్లు ఒకరినొకరు ఎప్పుడూ చూసి ఉండరు. అయినా అవి నప్పుతాయి. ఇది సహజంగా జరిగేదే అనుకుంటాం. ఈ నప్పడం వెనక రెండు వందల ఏళ్లకు పైబడిన గొడవలు, ఒప్పందాలు, ఒకటి రెండు యుద్ధాలు ఉన్నాయి. వాటి సంగతి ముందు చెప్పి, తరువాత ఒక ట్విన్ టర్బో ఇంజన్ కూర్పులో అవన్నీ ఒకే బల్ల మీదకు ఎలా వచ్చాయో చెబుతాను.

ఫిట్టర్ అనే మనిషి

మన ఐటీఐల్లో నేటికీ ఫిట్టర్ అనే ట్రేడు ఉంది. ఆ పేరు ఊరికే రాలేదు. పూర్వం ఏ యంత్రంలోనైనా ముక్కలు విడివిడిగా సుమారు కొలతకు చేసేవారు. వాటిని ఒకదానికొకటి నప్పేదాకా ఆకురాయితో రాసి, ఉలితో చెక్కి, మళ్లీ పెట్టి చూసి, మళ్లీ రాసేవాడు ఫిట్టర్. ఆ యంత్రంలో ఏదైనా ముక్క విరిగితే ఇంకో యంత్రంలోది తెచ్చి వేయడం కుదరదు. ప్రతి యంత్రం దేనికదే. దానిని కూర్చిన మనిషి చేతుల్లోనే దాని కొలతలన్నీ ఉండేవి.

తుపాకుల విషయంలో ఇది ప్రాణాల మీదకు వచ్చేది. యుద్ధంలో ఒక తుపాకి మీట చెడితే, పక్కన గొట్టం పగిలిన తుపాకి ఉన్నా దాని మీట దీనికి పనికొచ్చేది కాదు. అందుకే ముక్కలను ఇష్టం వచ్చినట్టు మార్చుకునే వీలు కావాలన్న ఆలోచన మొదట సైన్యాల్లో పుట్టింది.

1785లో ఫ్రాన్సులో ఒనొరే బ్లాంక్ అనే తుపాకుల పనివాడు 50 తుపాకి మీటల యంత్రాల ముక్కలను రకానికొక అరలో పోసి పెట్టాడు. ఏ అరలోనుంచి ఏ ముక్క తీసినా ఇంకో ముక్కలో ఇమిడింది. అప్పుడు పారిస్‌లో అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్ తన చేతులతో కొన్నింటిని కూర్చి చూసి, ఆ సంగతి స్వదేశానికి ఉత్తరం రాశాడు. ఫ్రాన్సులో మాత్రం ఆ పద్ధతి నిలవలేదు. తమ బతుకుతెరువు పోతుందని చేతిపనివాళ్లు ఎదిరించారు. ప్రభుత్వాలు మారాయి. ఆలోచన సముద్రం దాటి అమెరికా చేరింది.

అక్కడ ఎలై విట్నీ పేరు ప్రసిద్ధం. 1798లో 10 వేల తుపాకులకు ఒప్పందం కుదుర్చుకుని, 1801లో వాషింగ్టన్‌లో పెద్దల ముందు ముక్కలు కలిపి బిగించి చూపించాడు. చాలాకాలం పాఠ్యపుస్తకాలు ఆయన్నే ఈ పద్ధతికి ఆద్యుడిగా చెప్పాయి. 1960లో రాబర్ట్ వుడ్‌బరీ అనే చరిత్రకారుడు ఆ కథను ప్రశ్నించాడు. మ్యూజియాల్లో మిగిలిన విట్నీ తుపాకులను విప్పి చూస్తే ముక్కలు ఒకదానిలోది ఒకదానికి నప్పలేదు. ఏ ముక్క ఏ తుపాకిదో తెలియడానికి గుర్తులు కూడా చెక్కి ఉన్నాయి. మాట నిజంగా నిలబెట్టుకున్నవాడు జాన్ హాల్. 1820ల్లో హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో ప్రతి దశలోనూ గేజిలతో పరీక్షిస్తూ, ముక్కలు నిజంగానే మారేటట్టు రైఫిళ్లు చేయించాడు. అది జరగడానికి ఏళ్లు పట్టింది, ఖర్చూ బాగా అయింది.

ఈ రెండు కథల మధ్య తేడా నా వృత్తి మొత్తానికి పునాది. నప్పుతుందని చెప్పడం వేరు, గేజి పెట్టి చూపించడం వేరు.

మర చుట్ల తగాదా

ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకు ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. అప్పటిదాకా ప్రతి కార్ఖానాకు తన మర తనదే. ఆయన వేర్వేరు చోట్ల వాడే బోల్టులను సేకరించి, వాటికి మధ్యస్థంగా ఉండే కొలతలు తీసుకున్నాడు. మర పళ్ల మధ్య కోణం 55 డిగ్రీలుగా, పళ్ల కొనలు గుండ్రంగా నిర్ణయించాడు. 1864లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ వేరే ప్రమాణం తెచ్చాడు. కోణం 60 డిగ్రీలు, కొనలు చదును. 60 డిగ్రీలైతే సాధారణ కార్మికుడు కూడా తేలిగ్గా కోయగలడు, తేలిగ్గా సరిచూడగలడు అని ఆయన వాదన.

రెండూ మంచి ప్రమాణాలే. కానీ రెండున్నాయి. ఆ అయిదు డిగ్రీల తేడాకు ప్రపంచం ఎంత మూల్యం చెల్లించిందో రెండో ప్రపంచ యుద్ధంలో తెలిసింది. బ్రిటన్ యుద్ధ విమానాలకు గుండెకాయ లాంటి రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజన్‌ను అమెరికాలో తయారు చేయడానికి ప్యాకర్డ్ కార్ల సంస్థ 1940లో ఒప్పుకుంది. అమెరికాలో చేసిన ఇంజన్ బ్రిటన్‌లో మరమ్మతుకు రావాలి, ఇక్కడి బోల్టు అక్కడ ఎక్కాలి. అందుకని ప్యాకర్డ్ వాళ్లు బ్రిటిష్ మరలనే ఉంచారు. ఆ మరలు కోసే పనిముట్లు అమెరికాలో దొరక్క తామే తయారు చేసుకున్నారు. చివరికి 55 వేలకు పైగా ఇంజన్లు చేసి ఇచ్చారు.

ఇదే ఇంజన్ గురించి ఇంకో సంగతి ఉంది. మాంచెస్టర్ దగ్గర ఫోర్డ్ సంస్థ కూడా మెర్లిన్ తయారీకి దిగింది. రోల్స్ రాయిస్ ఇంజనీరు స్టాన్లీ హూకర్ తన ఆత్మకథలో రాసిన ప్రకారం, ఫోర్డ్ ఇంజనీర్లు ఆ డ్రాయింగులతో ఇంజన్ చేయలేమన్నారు. తమ కొలతలు అందుకోలేనంత కచ్చితమైనవి కాబోలని ఆయన అనుకున్నాడు. వాళ్లు చెప్పింది తలకిందులుగా ఉంది. ఆ డ్రాయింగుల్లో అనుమతించిన తేడాలు మరీ ఎక్కువ, కారు ఇంజన్లకే తాము ఇంతకన్నా దగ్గరి కొలతలు పెడతామన్నారు. రోల్స్ రాయిస్‌లో నైపుణ్యం గల ఫిట్టర్లు ముక్కకు ముక్క ఎంచి, చేతితో సరిచేసి కూర్చేవారు కాబట్టి డ్రాయింగులో వదులున్నా నడిచిపోయింది. ఫోర్డ్‌లో కూర్చేవాళ్లలో చాలామంది అంతకుముందు ఇంజన్ ముఖం చూడనివారు. వాళ్లు కూర్చాలంటే ఏ ముక్కయినా ఏ ముక్కలోనైనా ఇమడాలి. డ్రాయింగులు కొత్తగా గీశారు. ఆ ఫ్యాక్టరీ 30 వేలకు పైగా ఇంజన్లు చేసింది.

యుద్ధం తరువాత 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా ఒకే మర ప్రమాణానికి ఒప్పుకుని సంతకాలు చేశాయి. అంగుళం అంటే సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు అన్న అంతర్జాతీయ ఒప్పందం 1959లో గాని కుదరలేదు. అంతకుముందు అమెరికా అంగుళానికీ బ్రిటిష్ అంగుళానికీ మధ్య కూడా వెంట్రుకవాసి కన్నా చిన్న తేడా ఉండేది.

ఇనుప బిళ్లలు, మూడు కార్లు

అందరూ ఒకే కొలతకు చేయాలంటే అందరి దగ్గరా ఒకే కొలతబద్ద ఉండాలి. స్వీడన్ ఆయుధశాలలో పనిచేసిన కార్ల్ ఎడ్వర్డ్ యొహాన్సన్ దీనికి మార్గం కనిపెట్టాడు. అద్దంలా మెరిసే ఉక్కు బిళ్లలు, ఒక్కొక్కటి ఒక్కో మందం. రెండు బిళ్లలను నొక్కి జరిపితే అంటుకుపోతాయి. 102 బిళ్లల పెట్టెతో 20 వేల వేర్వేరు కొలతలు కూర్చవచ్చు. భార్య కుట్టుమిషన్‌ను అరగదీసే యంత్రంగా మార్చుకుని ఇంట్లోనే వాటికి తుది మెరుగు పెట్టేవాడంటారు. వేడికి లోహం పెరుగుతుంది కాబట్టి కొలత ఏ ఉష్ణోగ్రత దగ్గర అన్నది కూడా చెప్పాలి. ఆయన ఎంచుకున్న 20 డిగ్రీల సెల్సియస్‌నే తరువాత ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకుంది. మా కార్యాలయంలో కొలత గది ఏడాది పొడవునా 20 డిగ్రీలే.

1908లో లండన్ దగ్గర బ్రూక్‌లాండ్స్ రేసు మైదానంలో జరిగిన పరీక్ష కార్ల చరిత్రలో మలుపు. మూడు క్యాడిలాక్ కార్లను బోల్టు బోల్టూ విప్పి, ముక్కలన్నీ ఒకే కుప్పగా కలిపేశారు. అందులోనుంచి దాదాపు 90 ముక్కలు తీసేసి, వాటి స్థానంలో దుకాణంలో అమ్మే విడి భాగాలు వేశారు. తరువాత మెకానిక్కులు స్పానర్లు, స్క్రూడ్రైవర్లతో మూడు కార్లు తిరిగి కట్టారు. ఆకురాయి ముట్టుకోవడానికి వీల్లేదు. రంగులు కలిసిపోయి చిత్రంగా ఉన్న ఆ కార్లు ఒక్కొక్కటి 500 మైళ్లు తిరిగాయి. ఆ సంస్థకు పెద్ద అయిన హెన్రీ లేలాండ్ యువకుడిగా ఆయుధశాలలో పని నేర్చినవాడు. తుపాకి నుంచి కారుకు ఈ విద్య అలా వచ్చింది.

గాలిని నొక్కి పెట్టే చక్రం

ఇక టర్బో దగ్గరకు వద్దాం. ఇంజన్ నుంచి బయటకు పోయే వేడి పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీదున్న రెండో చక్రంతో స్వచ్ఛమైన గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపడమే టర్బోచార్జరు పని. గాలి ఎక్కువైతే ఇంధనం ఎక్కువ మండించవచ్చు, శక్తి పెరుగుతుంది. స్విట్జర్లండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషి 1905లో దీనికి పేటెంటు పొందాడు. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు ఒక లిబర్టీ విమాన ఇంజన్‌ను ట్రక్కు మీద కెక్కించి, అమెరికాలోని పైక్స్ పీక్ కొండ మీదకు, సుమారు 14 వేల అడుగుల ఎత్తుకు తీసుకెళ్లాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్ పైన పలచటి గాలిలో 230కి పడిపోయింది. టర్బో బిగించాక 356 ఇచ్చింది.

పెద్ద టర్బో ఎక్కువ గాలి ఇస్తుంది, కానీ చక్రం బరువు వల్ల వేగం అందుకోవడానికి ఆలస్యం చేస్తుంది. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కిన తరువాత ఒకటి రెండు క్షణాలు ఏమీ జరగదు. దీనికి ఒక పరిష్కారం ఒక పెద్ద చక్రం బదులు రెండు చిన్న చక్రాలు పెట్టడం. ఫార్ములా వన్ పందేల్లో రెనో జట్టు 1977లో ఒక టర్బోతో వచ్చింది. 1979లో తన వి6 ఇంజన్‌కు వరుసకొకటి చొప్పున రెండు టర్బోలు పెట్టి, అదే ఏడాది జులైలో డిజాన్‌లో మొదటి విజయం సాధించింది. 1981లో మసెరాటి బైటుర్బో అనే కారు రెండు టర్బోలతో మార్కెట్లోకి వచ్చింది. తరువాత పోర్షె 959, నిస్సాన్, టయోటాల ఆరు సిలిండర్ల ఇంజన్లు ఈ పద్ధతికి ప్రపంచమంతా అభిమానులను తెచ్చిపెట్టాయి.

ఫ్యాక్టరీలో చేసే ట్విన్ టర్బో ఇంజన్‌లో ప్రతి ముక్కా ఒకే డ్రాయింగు కుటుంబంలో పుడుతుంది. సొంతంగా కూర్చుకునేవారి సంగతి వేరు. టర్బోలు ఒకరివి, మానిఫోల్డులు ఇంకొకరివి, పిస్టన్లు మూడోవారివి, స్టడ్‌లు నాలుగోవారివి. ప్రతి డబ్బా మీదా ఈ ఇంజన్‌కు సరిపోతుందనే ఉంటుంది. ఆ నలుగురూ ఒకరి డ్రాయింగు ఒకరు చూసి ఉండరు.

ఒక గ్యారేజీలో ఆరు నెలలు

కొన్నేళ్ల క్రితం నా సహోద్యోగి ఒకాయన తన 1970ల నాటి కారులో ఇలాంటి ఇంజన్ పెట్టుకోవాలనుకున్నాడు. ట్రక్కుల కోసం జనరల్ మోటార్స్ చేసిన 6 లీటర్ల వి8, పోత ఇనుము బ్లాకు, అల్యూమినియం హెడ్‌లు. కొలతలు చూసిపెట్టమని నన్ను పిలిచాడు. మాతో మూడోవాడు వాళ్ల వీధిలోనే ఉండే డెబ్బై దాటిన పెద్దాయన. నలభై ఏళ్లు టూల్‌రూమ్‌లో పనిచేసి రిటైరయినవాడు. వారాంతాల్లో ఆరు నెలలు పట్టింది.

ఆ ఇంజన్ కొలతల్లోనే చరిత్ర ఉంది. పిస్టన్ కొట్టే దూరం 92 మిల్లీమీటర్లు, మెట్రిక్ లెక్క. సిలిండర్ వ్యాసం 101.6 మిల్లీమీటర్లు, అంటే నిఖార్సైన నాలుగు అంగుళాలు. రెండు కొలతల సంప్రదాయాలు ఒకే రంధ్రంలో కాపురం చేస్తున్నాయి.

మొదటి ఇబ్బంది అద్దంలో బొమ్మలా చేసిన రెండు మానిఫోల్డులతో వచ్చింది. కుడివైపుది బాగానే కూర్చుంది. ఎడమవైపు టర్బో పొగగొట్టం స్టీరింగు కడ్డీని తాకింది. వి8 ఇంజన్‌లో రెండు వరుసలూ చూడటానికి సమానంగా ఉన్నా, ఎదురెదురు పిస్టన్ల కనెక్టింగ్ రాడ్లు రెండూ క్రాంకు మీద ఒకే పిన్నుకు పక్కపక్కన బిగుస్తాయి. అందుచేత ఒక వరుస రెండో వరుస కన్నా సుమారు అంగుళం ముందుంటుంది. ఈ ఇంజన్‌లో ముందున్నది ఎడమ వరుస. అమెరికా కార్లలో స్టీరింగు ఉన్నదీ ఎడమవైపే. కుడివైపుకు సరిపోయింది కాబట్టి ఎడమవైపుకూ సరిపోతుందన్న ఊహ అక్కడ దెబ్బతింది.

కనబడినచోటల్లా కోసి అతకడం మొదలుపెడితే ఒకచోట సర్దింది ఇంకోచోట తాకుతుంది. అందుకని పెద్దాయన పని ఆపించాడు. అన్ని కొలతలకూ ఒకే ఆధారం పెట్టుకోమన్నాడు. క్రాంకు మధ్యరేఖ ఒకటి, బ్లాకు వెనక ముఖం ఒకటి. ప్రతి టర్బో, ప్రతి గొట్టం, ప్రతి బ్రాకెట్టు ఆ రెండింటి నుంచి ఎంత దూరమో కొలిచి కాగితం మీద పెట్టాం. అట్టతో, థర్మోకోల్‌తో టర్బోల నమూనాలు చేసి ఇంజన్ పక్కన వేలాడదీశాం. నలుగురు తయారీదారుల మధ్య లేని డ్రాయింగును మేం గీసుకున్నామన్నమాట. అయిదు ముక్కలు వరసగా బిగించేచోట ఒక్కొక్కదానిలో అర మిల్లీమీటరు తేడా ఉన్నా, చివరికొచ్చేసరికి రెండున్నర మిల్లీమీటర్లు కావచ్చు. ఆ లెక్క కాగితం మీదే కనబడింది.

రెండోది నూనె దారి. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగగలదు. దాని బేరింగులకు నూనె పంపు ఒత్తిడితో వస్తుంది. తిరిగి వెళ్లేది మాత్రం పల్లానికి జారే నీటిలా దానంతటదే పోవాలి. కుడి టర్బో నుంచి నూనె దిగే గొట్టం ఛాసిస్ అడ్డపట్టీ మీదుగా కాస్త ఎత్తెక్కి దిగవలసి వచ్చింది. అలా ఉంటే నూనె లోపల నిలిచి, సీళ్లను దాటి పొగగొట్టంలోకి వెళుతుంది, తెల్లటి పొగ వస్తుంది. టర్బో నడుము భాగాన్ని తిప్పి నూనె రంధ్రం నిలువుగా కిందికి వచ్చేటట్టు చేశాం. అది చాలక మానిఫోల్డును కోసి టర్బోను రెండు అంగుళాలు పైకెత్తి మళ్లీ వెల్డింగు చేశాం.

వెల్డింగు చేస్తే లోహం మెలి తిరుగుతుంది. ఇంజన్‌కు ఆనే ముఖం చదునుగా ఉందో లేదో చూడటానికి పెద్దాయన సర్ఫేస్ ప్లేటు మీద నీలిరంగు పూసి మానిఫోల్డును రుద్దాడు. రెండు చివర్లకే రంగు అంటింది, మధ్యలో అంటలేదు. ఫీలర్ గేజి పెడితే మధ్యలో 0.4 మిల్లీమీటర్ల సందు. ఆ ముఖాన్ని మిల్లింగు మెషీన్ మీద చదును చేయించాం.

వేడి లెక్క కూడా ఇక్కడే వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మానిఫోల్డు అర మీటరు పొడవు ఉండి 700 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అది బిగిసి ఉన్న అల్యూమినియం హెడ్ లోపల నీళ్లు తిరుగుతుంటాయి కాబట్టి ఒక మిల్లీమీటరు లోపే పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు అందంగా నప్పిన రెండు ముక్కలు పనిలోకి దిగాక ఒకదాన్నొకటి లాగుకుంటాయి. బోల్టులు తెగుతాయి, లేదా గొట్టం పగులుతుంది. అందుకని చివరి రంధ్రాలను కోలగా చేశాం. పొడుగు గొట్టాల్లో ముడతల జాయింట్లు పెట్టాం. కదలడానికి చోటు వదలడం కూడా నప్పించడంలో భాగమే.

అన్నిటికన్నా ప్రమాదకరమైంది చూడటానికి అతి చిన్నది. టర్బోకు నూనె తెచ్చే గొట్టం మీద ఒత్తిడి కొలిచే సెన్సారు ఒకటి బిగించాలి. దాని మర రెండు చుట్లు సాఫీగా ఎక్కింది. మూడో చుట్టుకు బిగుసుకుంది. స్పానరు వేస్తే ఇంకో చుట్టు ఎక్కి ఉండేది. బయటకు తీసి పిచ్ గేజి పెడితే అంగుళానికి 28 చుట్లు. గొట్టంలోని మర అంగుళానికి 27. సెన్సారుది బ్రిటిష్ పద్ధతి, జపాన్ వాళ్లూ వాడేది, 55 డిగ్రీలు. గొట్టానిది అమెరికా పద్ధతి, 60 డిగ్రీలు. 1841 నాటి విట్‌వర్త్, 1864 నాటి సెల్లర్స్ ఒక ఊరి గ్యారేజీలో ఇంకా తగాదా పడుతున్నారు. 1948 ఒప్పందం బోల్టులకు వర్తించింది గాని గొట్టాల మరలు ఇప్పటికీ రెండు రకాలుగానే ఉన్నాయి. బలవంతంగా బిగిస్తే ఆ రోజుకు కారదు. కొన్ని వందల కిలోమీటర్ల తరువాత ఎర్రగా కాలే టర్బో మీద నూనె చిమ్ముతుంది. ఇంజన్ గదిలో మంట లేచాక కారులో ఉన్నవాళ్లకు దొరికే సమయం చాలా తక్కువ. ఒక చివర ఆ మర, ఇంకో చివర ఈ మర ఉన్న చిన్న అడాప్టరు తెప్పించి వేశాం. దాని ధర ఒక పూట భోజనం ఖరీదు కాదు.

ఇక పిస్టన్ రింగులు. రింగు రెండు కొసల మధ్య కొంచెం ఖాళీ ఉండాలి. వేడికి పెరిగి కొసలు ఢీకొంటే పిస్టన్ అంచు ఊడిపోతుంది. టర్బో ఇంజన్‌లో వేడి ఎక్కువ కాబట్టి ఖాళీ కూడా ఎక్కువ కావాలి. ఈ ఇంజన్‌కు పై రింగు దగ్గర అంగుళంలో వెయ్యి వంతులు 26 పెట్టుకున్నాం, అంటే 0.66 మిల్లీమీటర్లు. ఇందుకే తయారీదారులు రింగులను కావాలని కాస్త పొడవుగా చేసి పంపుతారు. కూర్చేవాడు ఒక్కొక్క సిలిండర్‌లో పెట్టి, కొలిచి, కొస రాసి, మళ్లీ పెట్టి చూడాలి. ఎనిమిది సిలిండర్లకూ పెద్దాయన స్వయంగా రాశాడు. చివర గరుకు మిగలకుండా వేలితో తడిమి చూసేవాడు.

బ్లాంక్ కాలం నుంచి ఆకురాయిని పక్కన పెట్టించడానికే ఇన్ని ప్రయత్నాలు జరిగాయి. అత్యంత ఆధునికమైన ట్విన్ టర్బో ఇంజన్ పెట్టెలో మళ్లీ ఆకురాయితో రాయమనే సూచన వచ్చింది. అందరి డ్రాయింగులూ ఆగిపోయినచోట ఫిట్టర్ పని మొదలవుతుందని అక్కడ నాకు బాగా అర్థమైంది. ఇంజన్ మొదటిసారి నడిచిన రోజు ముగ్గురం బండి కింద టార్చిలైటు వేసి అరగంట చూశాం. నూనె చుక్క పడలేదు.

మన వైపు

ఈ విద్య మనకు కొత్తదేం కాదు. సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ 1943లోనే మొదలైంది. 1953లో బెంగళూరులో హెచ్‌ఎంటీ వచ్చింది. పనిముట్లు, గేజిలు రూపొందించడం నేర్పే కేంద్ర సంస్థ 1968లో హైదరాబాదు బాలానగర్‌లో వెలిసింది. ఆ చుట్టుపక్కల టూల్‌రూములు ఎన్నో ఆ నేలలో పెరిగాయి. 1956లో చట్టం చేసి 1958 అక్టోబరు నుంచి దేశం మెట్రిక్ కొలతలకు మారడం మొదలుపెట్టింది. అయినా మన లేత్ షాపుల్లో ఇప్పటికీ పైపు అంగుళాల్లో, బేరింగు మిల్లీమీటర్లలో, బోరింగు ‘థౌ’లలో మాట్లాడుకుంటాయి.

విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లి చూడండి. లారీ ఇంజన్ సిలిండరు అరిగితే దాన్ని కాస్త పెద్దగా బోరు చేసి ఓవర్‌సైజు పిస్టన్ వేస్తారు. కంపెనీ డ్రాయింగులో లేని బండి భాగాన్ని ఇంకో బండిలో ఇమిడేటట్టు చేస్తారు. మిషిగన్ పెద్దాయన నీలిరంగు పూసి చూసినట్టే అక్కడి మేస్త్రీలూ చూస్తారు. చేతి నైపుణ్యంలో వాళ్లు ఎవరికీ తీసిపోరు. చాలాచోట్ల లోపించేది ఆ చేతి పక్కన ఉండవలసిన గేజి, కొలతను రాసిపెట్టే కాగితం. ఆ మేస్త్రీ తరువాత ఆ పని ఎలా చేశాడో ఎవరికీ తెలియకుండా పోతోంది. ఇటు ఇంజనీరింగు చదివిన పిల్లల్లో చాలామంది కంప్యూటరు తెర మీద మైక్రాను కొలత ఇస్తారు గాని, మైక్రోమీటరు చేతికిస్తే ఎంత బిగించాలో తెలియదు. ఈ రెండు విద్యలూ ఒకే మనిషిలో కలవకపోతే నష్టం ఇద్దరికీ.

మన పాఠశాలకు ఒక మాట

మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజి ఉండేవి. కొలిచే ముందు రెండు దవడలు కలిపి శూన్యాంశ దోషం చూడమని మన మాస్టారు ప్రతిసారీ గుర్తు చేసేవారు. దోషం ఎంతో రాయకుండా కొలత రాస్తే రికార్డు తిరిగి ఇచ్చేసేవారు. కనీసపు కొలత, శూన్యాంశ దోషం అనే ఆ రెండు మాటల మీదే నా ముప్పై ఏళ్ల ఉద్యోగం నడిచింది. పరికరాలు ఖరీదైనవి అయ్యాయి గాని పద్ధతి మారలేదు.

స్వర్ణోత్సవ సందర్భంగా సంఘం పాఠశాలకు ఏం ఇవ్వాలన్న చర్చ నడుస్తోందని విన్నాను. తోరణం, వేదిక, కంప్యూటర్లు అన్నీ మంచి ఆలోచనలే. వాటితో పాటు ఒక చిన్న కొలతల గది గురించి కూడా ఆలోచించమని నా విన్నపం. పది వెర్నియర్లు, పది స్క్రూగేజిలు, ఒక డయల్ గేజి, ఒక సర్ఫేస్ ప్లేటు, ఒక పెట్టె గేజి బిళ్లలు, రకరకాల మరల నమూనాలు. అంగుళం మర, మిల్లీమీటరు మర పక్కపక్కన పెట్టి, ఏది దేనికి ఎక్కదో పిల్లలే కనుక్కోవాలి. ఏడాదికి ఒకటి రెండు రోజులు దగ్గరి పట్టణం నుంచి ఒక అనుభవజ్ఞుడైన ఫిట్టర్‌ను పిలిచి, ఆయన ఆకురాయి పట్టే తీరు పిల్లలకు చూపించాలి. ఆయనకు వేదిక మీద కుర్చీ, శాలువా కూడా ఉండాలి.

ఆ పరికరాల ఖర్చులో నా వాటా నేను ఇస్తాను. కొనేటప్పుడు ఏది మేలో చూసిపెట్టే పని కూడా నాదే. నా బ్యాచ్ మిత్రులు, ఈ రంగంలో ఉన్న మిగతా బ్యాచ్‌ల వాళ్లు చెయ్యి కలిపితే వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యేసరికి ఆ గది తెరవవచ్చు.